సీపీఎస్ పోరాటం: పాత పింఛను అందుకుంటున్నవారు ఎందుకు మాట్లాడాలి

సంపాదకుల వారికి,

నమస్కారములు.

పింఛన్ల ఖర్చు రాష్ట్ర ఖజానాను కుంగదీస్తోందని, పాత పింఛను విధానం కోసం పట్టుబడుతున్న ఉద్యోగ సంఘాలు రేపటి తరం నోటి దగ్గర కూడు లాక్కుంటున్నాయని ఇటీవల మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. నేను ప్రకాశం జిల్లాలో 36 ఏళ్లు ప్రభుత్వ ఉపాధ్యాయుడిగా పనిచేసి, ప్రధానోపాధ్యాయుడి హోదాలో 2019లో పదవీ విరమణ చేసినవాడిని. పాత విధానంలోనే పింఛను అందుకుంటున్నాను కనుక, 2004 సెప్టెంబరు నుంచి చేరినవారికి పెట్టిన సీపీఎస్ (ఉద్యోగి, ప్రభుత్వం వాటాలు వేసే పింఛను పథకం) రద్దయినా, కాకపోయినా నాకు కొత్తగా వచ్చేదీ లేదు, పోయేదీ లేదు. అయినా ఈ లేఖ రాయడానికి ఒక కారణం ఉంది. ఈ వ్యవహారంలో ప్రభుత్వాల తప్పు ఎంత ఉందో, మాలాంటి పాతవారి తప్పు కూడా దాదాపు అంతే ఉంది. ఆ సంగతి మాలో ఎవరూ బయటికి చెప్పడం లేదు.

2004 సెప్టెంబరు 22న వెలువడిన 653వ నంబరు జీవోను నేను మొదట చూసింది మా మండల సంఘ కార్యాలయంలో. కార్యాలయం అంటే పెద్ద మాట, బస్టాండు వెనుక జిరాక్సు దుకాణం మీది గది అది. అప్పుడు నేను మండల శాఖ కోశాధికారిని. ఆ ఆదివారం సమావేశంలో డీఏ (కరవు భత్యం) బకాయిల మీద, బదిలీల మీద రెండు గంటలు మాట్లాడుకున్నాక, చివర్లో కార్యదర్శి ఆ జీవో ప్రతిని చదివి వినిపించారు. ఆ నెల 1వ తేదీ నుంచి ఉద్యోగంలో చేరేవారికి పాత పింఛను నియమాలు వర్తించవని, వారి మూలవేతనం, డీఏల మొత్తంలో 10 శాతం ప్రతి నెలా కోసి, దానికి ప్రభుత్వం అంతే కలిపి ఒక నిధిలో వేస్తుందని అందులోని సారాంశం. ‘ఇది మనకు కాదు గదా, కొత్తగా వచ్చేవాళ్లకు’ అని ఎవరో అన్నారు. ఆ అన్నది నేనే కావచ్చు కూడా. ఇరవై ఏళ్లు గడిచాక ఆ మాట ఎవరి నోట వచ్చిందో గుర్తు చేసుకోవడానికి ఆ రోజు గదిలో ఉన్న మా ఐదుగురిలో మిగిలినవారెవరికీ ధైర్యం లేదు. టీ తాగి ఇళ్లకు వెళ్లిపోయాం.

మాకు తెలియదని చెప్పుకోవడానికీ వీల్లేదు. అంతకు ముందే, 2004 జనవరి 1 నుంచి, సాయుధ దళాలను మినహాయించి తన ఉద్యోగులందరికీ కేంద్రం ఇదే పద్ధతి తెచ్చింది. దాన్ని నడిపే నియంత్రణ సంస్థకు పార్లమెంటు చట్టం చేసింది 2013లో. అంటే తొమ్మిదేళ్ల పాటు చట్టం లేకుండానే ఉద్యోగుల జీతాల్లో కోతలు పడ్డాయి. పశ్చిమ బెంగాల్ ఈ విధానంలో అసలు చేరనేలేదు. కాబట్టి వద్దనుకున్న రాష్ట్రానికి వద్దనే అవకాశం ఉండింది. ఆ రోజున ఇక్కడి సంఘాలన్నీ ఒక్క గొంతుతో అడిగి ఉంటే ఏమై ఉండేదో చెప్పలేను గాని, మా మండలంలో మాత్రం ఆ జీవో మీద ఒక్క తీర్మానం కూడా చేయలేదు.

నేను మాత్రం అలా ఊరుకోకూడనివాడిని, ఎందుకంటే ఇలాంటి దెబ్బ మా ఇంటికి అంతకు 21 ఏళ్ల ముందే తగిలింది. 1983లో ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వం ఏర్పడి రెండు నెలలు తిరగకముందే ఉద్యోగుల పదవీ విరమణ వయసును 58 నుంచి 55కు తగ్గించారు. ఆ ఫిబ్రవరి 28వ తేదీ సాయంత్రానికి 18 వేలకు పైగా ప్రభుత్వోద్యోగులు, సుమారు 10 వేల మంది ప్రభుత్వ రంగ సంస్థల ఉద్యోగులు ఇంటిదారి పట్టారు. తాలూకా కచేరీలో గుమాస్తాగా పనిచేస్తున్న మా నాన్నగారు వారిలో ఒకరు. ఆయనకు అప్పటికి 56 ఏళ్లు, పెళ్లి కావలసిన ఇద్దరు ఆడపిల్లలు. యువతకు ఉద్యోగాలు ఇవ్వడానికే ఈ నిర్ణయం అన్నారు. నాకు ఉపాధ్యాయ ఉద్యోగం వచ్చింది కూడా ఆ ఏడాదే. అది కాకతాళీయమే అయినా, మా ఇంట్లో ఆ ప్రస్తావన ఎవరూ నవ్వులాటకైనా ఎత్తలేదు. వయసు తగ్గింపు చెల్లుతుందని 1985 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఉద్యోగుల ఆందోళన వల్ల అంతకు ముందే, 1984లోనే, దాన్ని ప్రభుత్వం మళ్లీ 58కి పెంచింది గాని, మా నాన్నగారు తిరిగి ఆ కుర్చీలో కూర్చోలేదు. అప్పుడు మా కుటుంబాన్ని నిలబెట్టింది ఆయన పింఛనే. ఆయన పోయాక మా అమ్మకు కుటుంబ పింఛను వచ్చింది. పెద్దవారిని పంపిస్తేనే చిన్నవారికి చోటు దొరుకుతుందని ఆనాడు చెప్పారు, పెద్దవారికి పింఛను ఇస్తే చిన్నవారికి ఏమీ మిగలదని ఈనాడు చెబుతున్నారు. మీ వ్యాసకర్త వాదన చదువుతుంటే నాకు ఆ 1983 ఫిబ్రవరే గుర్తుకు వచ్చింది.

పాత పింఛనుకూ కొత్త పింఛనుకూ తేడా ఏమిటో శాతాల్లో చెబితే ఎవరికీ ఎక్కదు. మా పాఠశాలలో నాతో కలిసి పనిచేసిన ఒక మిత్రుడి లెక్క, ఆయన అనుమతితో, పేరు చెప్పకుండా ఇక్కడ ఇస్తాను. ఆయన డీఎస్సీ-2003 ఉపాధ్యాయ నియామకాల్లో ఎంపికైనవారు. నోటిఫికేషన్ పాత పింఛను అమల్లో ఉన్న కాలంలోనే వచ్చింది. ఎంపిక, నియామకం ఆలస్యమై విధుల్లో చేరింది మాత్రం 2005 చివరలో. చేరేనాటికి ఆయనకు 43 ఏళ్లు. విరమణ వయసు 62కు పెరగడం వల్ల పద్దెనిమిదిన్నర ఏళ్ల సర్వీసుతో 2024లో రిటైరయ్యారు. ఆయన ప్రాన్ ఖాతాలో, అంటే సీపీఎస్ వాటాలు జమయ్యే ఖాతాలో, చేరిన మొత్తం 28 లక్షలు. నిబంధన ప్రకారం అందులో 40 శాతం, అంటే 11 లక్షల 20 వేలు బీమా కంపెనీకి కట్టి, నెలనెలా సొమ్ము ఇచ్చే యాన్యుటీ కొనుక్కోవలసి వచ్చింది. దాని మీద నెలకు వచ్చేది 6,300 రూపాయల చిల్లర. ఆయన చివరి మూలవేతనం 66 వేలు. అదే సర్వీసుకు పాత విధానంలో లెక్కవేస్తే, 33 ఏళ్లకు ఇచ్చే పూర్తి పింఛనులో (అది చివరి మూలవేతనంలో సగం) ఆయన వంతు 18,500 వస్తుంది. ధరలను బట్టి పింఛను మీద ఇచ్చే ఆనాటి కరవు భృతి (డీఆర్) కలిపితే 24 వేలు దాటుతుంది.

చేతికి వచ్చిన 60 శాతం సొమ్ము లెక్కలోకి రాదా అని మీ వ్యాసకర్త అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఆ 16 లక్షల 80 వేలలో పైసా ముట్టుకోకుండా బ్యాంకులో వేశారనుకుందాం. ఏడు శాతం వడ్డీకి నెలకు 9,800 వస్తుంది, రెండూ కలిపితే 16 వేలు. నిజానికి ఇంటి అప్పు, కూతురి పెళ్లి బాకీ తీరేసరికి ఆ సొమ్ములో మిగిలింది స్వల్పమే, ఆ మాట పక్కన పెడదాం. ఆ 16 వేలు పదేళ్ల తరువాత కూడా 16 వేలే. దానికి డీఆర్ లేదు, వేతన సవరణ (పీఆర్సీ) లేదు. నా పింఛను మాత్రం ధరలతో పాటు, ఆలస్యంగానైనా, నాలుగు మెట్లు ఎక్కుతూనే ఉంటుంది. అదే బడిలో అవే పాఠాలు చెప్పి, ఒకే బల్ల దగ్గర కూర్చుని భోజనం చేసిన ఇద్దరం. జనవరిలో నేను, బతికే ఉన్నానని చూపే జీవన ప్రమాణ పత్రం ఇవ్వడానికి సబ్ ట్రెజరీకి వెళ్తుంటే, ఆయన నన్ను తన మోటారు సైకిలు మీద దింపి, బయట వేపచెట్టు కింద నిలబడతారు. ఆయనకు లోపల పనిలేదు.

ఇక భారం సంగతి. రాష్ట్రాలన్నీ పాత విధానానికి మళ్లితే దీర్ఘకాలంలో మొత్తం భారం కొత్త విధానం కంటే 4.5 రెట్ల దాకా చేరవచ్చని, 2060 నాటికి ఏటా జీడీపీలో 0.9 శాతం అదనంగా మోయవలసి రావచ్చని రిజర్వు బ్యాంకు 2023 సెప్టెంబరు బులెటిన్‌లో ఒక అధ్యయనం వచ్చింది. సంఘాల సభల్లో ఈ అంకెను కొట్టిపారేయడం నేను విన్నాను. కొట్టిపారేయడం సరికాదు. అంతేకాదు, మా నాయకులు చెప్పడానికి ఇష్టపడని మరొక మాట ఉంది: పాత విధానానికి మళ్లిన ప్రభుత్వానికి మొదటి పదేళ్లు, పదిహేనేళ్లు ఖర్చు తగ్గుతుంది, ఎందుకంటే ప్రతి నెలా కట్టవలసిన వాటా ఆగిపోతుంది. బరువంతా తరువాత వచ్చే ప్రభుత్వాల నెత్తిన పడుతుంది. అందువల్ల చివరి జీతంలో సగానికి, డీఆర్‌కు, కుటుంబ పింఛనుకు చట్టబద్ధమైన హామీ ఇస్తూనే, ప్రభుత్వం తన వాటాను ఏటా ఒక ప్రత్యేక నిధిలో వేస్తూ పోవాలన్నది నా అభిప్రాయం. ఇది మా సంఘంలో చాలామందికి నచ్చదని నాకు తెలుసు. రాజస్థాన్, ఛత్తీస్‌గఢ్, జార్ఖండ్, పంజాబ్, హిమాచల్‌ప్రదేశ్ ప్రభుత్వాలు పాత విధానానికి మళ్లుతామని ప్రకటించినప్పుడు, అప్పటిదాకా జమైన సొమ్మును తిరిగి ఇవ్వడానికి చట్టం ఒప్పుకోదని కేంద్రం చెప్పింది. జీతంలోంచి కోసిన డబ్బు ఎవరిదన్న ప్రశ్నకు ఇంతవరకూ సూటిగా జవాబు లేదు. 

మీ వ్యాసకర్త వదిలేసిన విషయం ఇంకొకటి. పింఛను ప్రభుత్వం దయతలచి పడేసే భిక్ష కాదని, చేసిన సేవకు దక్కవలసిన హక్కు అని డి.ఎస్. నకారా కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 1982 డిసెంబరు 17న స్పష్టం చేసింది. ఏటా ఆ తేదీన మేము పెన్షనర్ల దినోత్సవం జరుపుకుంటాం, శాలువలు కప్పుకుంటాం, ఫొటోలు దిగుతాం. ఏటా సెప్టెంబరు 1న సీపీఎస్ ఉద్యోగులు నల్ల బ్యాడ్జీలతో పెన్షన్ విద్రోహ దినం పాటిస్తే అటువైపు వెళ్లేవారం మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. ఒక్క పర్యాయం ఎమ్మెల్యేగా ఉన్నవారికీ పింఛను ఇస్తున్నప్పుడు లేని భారం ఉపాధ్యాయుడి దగ్గరే ఎందుకు గుర్తుకొస్తుందో ఆ వ్యాసం చెప్పలేదు.

సంఘాల ఆందోళనల వల్ల ఒరిగింది ఏమీ లేదనే మాట కూడా నిజం కాదు. సీపీఎస్ మొదలైనప్పుడు అందులో గ్రాట్యుటీ లేదు. ఉద్యోగి సర్వీసులో ఉండగా చనిపోతే పాత పద్ధతి కుటుంబ పింఛను లేదు. మన రాష్ట్రంలో ఈ రెండింటికీ ఉత్తర్వులు వచ్చింది 2017లో, అదీ ఏళ్ల తరబడి ధర్నాలు చేశాక. ఆ మధ్యకాలంలో చనిపోయిన వారి ఇళ్లకు పరామర్శకు వెళ్లిన వారికి తెలుసు, ఆ గడపల్లో ఏం చెప్పాలో తోచక ఎలా నిలబడ్డామో. అధికారంలోకి వచ్చిన వారం రోజుల్లో సీపీఎస్ రద్దు చేస్తామన్న హామీ 2019 ఎన్నికలకు ముందు విన్నాం. 2023 సెప్టెంబరులో దాని బదులు గ్యారంటీడ్ పెన్షన్ (జీపీఎస్) బిల్లు శాసనసభ ముందుకు వచ్చింది. మరుసటి ఏడాది ఆగస్టు 24న కేంద్ర మంత్రివర్గం ఏకీకృత పింఛను పథకానికి ఆమోదం తెలిపి, 2025 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి తెచ్చింది. 25 ఏళ్ల సర్వీసు ఉంటే చివరి 12 నెలల సగటు మూలవేతనంలో సగం హామీ అన్నారు. అందులోనూ ఉద్యోగి 10 శాతం కట్టవలసిందే. ఆ పథకం కావాలని ఐచ్ఛికం ఇవ్వడానికి గడువును కేంద్రం ఒకటికి రెండుసార్లు పొడిగించవలసి వచ్చిందంటే, ఉద్యోగులకు అది ఎంత నచ్చిందో తెలుస్తూనే ఉంది. అయితే ఒక్క సంగతి గమనించాలి. మార్కెట్టును నమ్ముకున్న పింఛను చాలదని, జీతంలో సగం హామీ ఉండాలని ఈ రెండు పథకాలూ ఒప్పుకున్నాయి. ఆ ఒప్పుకోలు, 2023 అక్టోబరు 1న పాత పింఛను కోరుతూ దిల్లీ రాంలీలా మైదానాన్ని నింపిన సభలాంటి ఆందోళనల వల్ల వచ్చింది గాని, ఏ నిపుణుడికో హఠాత్తుగా తట్టినందువల్ల కాదు.

నా అసలు ఫిర్యాదు సంఘాల మీద, అంటే మా మీద. 2022 ఫిబ్రవరి 3న కొత్త పీఆర్సీకి వ్యతిరేకంగా ఉద్యోగ సంఘాలు పిలుపునిచ్చిన చలో విజయవాడకు వేల మంది పోలీసుల కళ్లుగప్పి, కూలీల్లా, పెళ్లివారిలా వేషాలు మార్చుకుని బీఆర్‌టీఎస్ రోడ్డుకు చేరారు. ముందురోజు రాత్రే సరుకుల బండి పట్టుకుని బయలుదేరినవారు మా ఊళ్లోనూ ఉన్నారు. ఆ రోజు పెన్షనర్లం కూడా పెద్ద సంఖ్యలో కదిలాం. కారణం ఏమిటంటే, ఆ పీఆర్సీలో 70 ఏళ్లు దాటిన వారికి ఇచ్చే అదనపు పింఛనుకు కోత పెట్టారు. మన కాలికి ముల్లు గుచ్చుకుంటేనే మనం లేస్తామన్నమాట. కొత్తవారు వారి బాధ వారు పడాలని 2004లో మేము అనుకున్న తీరే ఇప్పుడు సంఘం సంఘానికీ, కేడరు కేడరుకూ మధ్య కనిపిస్తోంది.

ఆర్టీసీనే తీసుకోండి. 2020 జనవరి 1న ఆంధ్రప్రదేశ్‌లో ఆర్టీసీ సిబ్బందిని ప్రభుత్వంలో విలీనం చేశారు. సుమారు 50 వేల మంది ప్రభుత్వోద్యోగులయ్యారు, డిపోల్లో స్వీట్లు పంచుకున్నారు. పింఛను దగ్గరికి వచ్చేసరికి మాత్రం వారు నేటికీ 1995 నాటి ఈపీఎస్ (భవిష్యనిధికి అనుబంధంగా ఉండే ఉద్యోగుల పింఛను పథకం) కిందే ఉన్నారు. ఆ పథకంలో జీతం పరిమితి 15 వేలు. ఆ పరిమితికి మించిన జీతం మీద పింఛను కావాలని ఐచ్ఛికం ఇచ్చుకోని కండక్టరు 35 ఏళ్లు టిక్కెట్లు కొట్టినా సూత్రం ప్రకారం నెలకు 7,500 దాటదు, చాలామందికి అందులో సగం కూడా రాదు. కనీస పింఛను వెయ్యి రూపాయలని 2014లో నిర్ణయించారు, ఇప్పటికీ ఆ వెయ్యే. తెలంగాణలో 2019 అక్టోబరు 5 నుంచి ఇదే విలీనం కోసం 52 రోజులు సమ్మె చేసి, జీతాలు పోగొట్టుకుని, ప్రాణాలు కూడా పోగొట్టుకున్నారు. ప్రభుత్వోద్యోగి అన్న పేరు వచ్చి పింఛను రాకపోతే ఆ పేరు దేనికి అని ఒక విశ్రాంత డ్రైవరు నన్ను అడిగాడు. మా సంఘం డిమాండ్ల పత్రంలో వారి ఊసు లేదు. గ్రామ, వార్డు సచివాలయాల్లో 2019లో ఒక్కసారిగా చేరిన లక్షకు పైగా యువ ఉద్యోగులదీ, 2025 మెగా డీఎస్సీలో ప్రకటించిన 16,347 పోస్టుల్లోకి వచ్చినవారిదీ సీపీఎస్ బతుకే. ఔట్‌సోర్సింగ్ సిబ్బందికి అదీ లేదు. మా బడిలో పాతికేళ్లు ఊడ్చిన ఆయమ్మకు ఏ పింఛనూ లేదు, వృద్ధాప్య పింఛను తప్ప.

విశాఖ ఉక్కు సంగతి కూడా దీనికి దూరం కాదు. 1966 ఉద్యమంలో 32 మంది ప్రాణాలిస్తే వచ్చిన కర్మాగారాన్ని అమ్మాలని 2021 జనవరి 27న నిర్ణయించినప్పటి నుంచి కార్మిక సంఘాలు కూర్మన్నపాలెంలో శిబిరం నడిపాయి. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ వచ్చింది. అదే ఏడాది కాంట్రాక్టు కార్మికుల తొలగింపులు మొదలయ్యాయి, వారు సమ్మెకు దిగారు. శాశ్వత ఉద్యోగి స్వచ్ఛంద విరమణ తీసుకున్నాక ఖాళీ అయిన చోట కాంట్రాక్టు మనిషి, అతన్నీ తీసేశాక అక్కడ ఎవరూ ఉండరు. ఉద్యోగమే లేని చోట పింఛను గురించి ఏ పథకం పెట్టినా ఖజానాకు భారం ఉండదు మరి.

ప్రభుత్వాన్ని నేను అడిగేవి పెద్దవేమీ కావు. సీపీఎస్, జీపీఎస్‌లను పునఃసమీక్షిస్తామని ఎన్నికల ముందు చెప్పిన మాట ప్రకారం, రాబోయే ముప్పై ఏళ్ల పింఛను లెక్కలను ప్రజల ముందు పెట్టాలి. పాత విధానంలో ఎంత, కొత్త విధానంలో ఎంత, మధ్యేమార్గంలో ఎంత అన్నది సంఘాలతో కూర్చుని తేల్చాలి. జీతాల్లో కోసిన సొమ్ము, ప్రభుత్వ వాటా నెలల తరబడి ప్రాన్ ఖాతాల్లో పడటం లేదని సంఘాలు పదే పదే చెబుతున్నాయి. ఇందులో విధాన నిర్ణయం చేయవలసింది ఏమీ లేదు, జమ చేస్తే చాలు. ఇక డీఎస్సీ-2003 వారి విషయం. 2003 డిసెంబరు 22కు ముందు నోటిఫికేషన్ వచ్చిన పోస్టుల్లో చేరినవారికి పాత పింఛను ఎంచుకునే అవకాశాన్ని కేంద్రం తన ఉద్యోగులకు 2023 మార్చి 3న ఇచ్చింది. ‘మెమో 57’ అని అందరూ పిలిచేది దాన్నే. అదే సూత్రాన్ని ఇక్కడి వారికి వర్తింపజేయడానికి కొత్త చట్టం అక్కర్లేదు. నా మిత్రుడిలా కొందరు అప్పుడే రిటైరయ్యారు, కొందరు పోయారు. ఆలస్యమయ్యే కొద్దీ భారం తగ్గుతుందని ఎవరైనా లెక్కవేసుకుంటున్నారేమో తెలియదు.

మాలాంటి పెన్షనర్లకు చెప్పదలచుకున్నది ఒక్కటే ఉంది. ఈ జనవరి, ఫిబ్రవరి నెలల్లో మా మండలంలోని పెన్షనర్లలో చాలామంది జీవన ప్రమాణ పత్రాలు ఇవ్వడానికి సబ్ ట్రెజరీకి వస్తారు. మా మండల శాఖ వారం రోజులు అక్కడే ఒక బల్ల వేసి కూర్చోవాలని నిర్ణయించింది. సీపీఎస్ ఉద్యోగులకు, డీఎస్సీ-2003 వారికి, ఆర్టీసీ విశ్రాంత కార్మికులకు పింఛను హామీ కోరుతూ పాత పింఛను అందుకుంటున్నవారి సంతకాలతో ముఖ్యమంత్రి గారికి వినతిపత్రం పంపుతాం. తీర్మానం రాసిన కాగితం మీద మొదటి సంతకం నేనే పెట్టాను, 2004 నాటి సమావేశంలో ఉన్న ఐదుగురిలో మిగిలిన ముగ్గురం పెట్టాం. జిల్లాలోని ఇతర మండల శాఖలు కూడా ఇదే పని చేయదలిస్తే వినతిపత్రం నమూనా పంపిస్తాం. ఈ లేఖను ప్రచురిస్తే ఆ కబురు వారికి అందుతుంది.

భవదీయుడు,
ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు,
ప్రకాశం జిల్లా